సున్నం కింది బాణం

సర్వే శాఖలో కొత్తగా చేరిన పిల్లలు ఎదురైతే నేనొక ప్రశ్న అడుగుతాను. సమాధి రాయికీ సర్వే రాయికీ తేడా తెలుసా అని. వాళ్ళు నవ్వుతారు. నవ్వండి నాయనా, నేనూ అలాగే నవ్వేదాన్ని. గోదావరి జిల్లాల్లో పొలాలు, చేపల చెరువులు, కొబ్బరి తోటలు, అన్నదమ్ముల తగాదాలు కొలిచి కొలిచి, ఇక నాకు తెలియని రాయి భూమ్మీద లేదనుకుంటున్న రోజుల్లో, ఒక పాత చర్చి వెనక సమాధుల తోటలో నేనూ, కొలత గొలుసు పట్టే నా చైన్‌మనూ, కాలవల ఇంజినీరు ఏఈ గారూ, ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలతో సహా అందరం బోర్లా పడ్డాం. రిటైరయ్యాక నన్నెవరు మాట్లాడమని పిలిచినా ఈ కథే చెబుతాను. పేర్లు మాత్రం అడగకండి. అందరూ నిక్షేపంగా ఉన్నారు, అందరి దగ్గరా నా ఫోన్ నంబరుంది.

ఆ చర్చి ధవళేశ్వరం నుంచి దిగువకు వచ్చే ఒక కాలవ గట్టు మీద ఉంది. కాలవలు తవ్వే రోజుల్లో దొరలు కట్టుకున్నది. గోడలు ఎంత మందమంటే, నడివేసవిలో లోపల అడుగుపెడితే నీళ్ళకుండలో చెయ్యి పెట్టినట్టుంటుంది. దాని గంట పడవ మీద వచ్చిందట. దించేటప్పుడు జారి కాలవలో పడితే ఎడ్లను కట్టి పైకి లాగారట. లాగినవి మా తాత ఎడ్లేనని చెప్పుకోని రైతు కుటుంబం ఆ ఊళ్ళో లేదు. అందరి మాటా నమ్మితే ఆ గంట గాలిగోపురమంత ఉండాలి. నిచ్చెనెక్కి చూశాను. మా ఇంట్లో పెళ్ళిళ్ళకి తీసే ఇడ్లీ గిన్నె కంటే కాస్త పెద్దది.

చర్చి కంటే ముందు సమాధులే మొదలయ్యాయట. కాలవ తవ్వకానికి వచ్చిన దొరల్ని చలిజ్వరాలు బతకనివ్వలేదు. ముందు వరసలో నల్లరాతి పలకల కింద దొరలూ దొరసానులూ ఉన్నారు. నెలల పసివాళ్ళు కూడా ఉన్నారు. ఒక చిన్న పలక మీద అక్షరాలన్నీ అరిగిపోయి ఒక గొర్రెపిల్ల బొమ్మ మాత్రం మిగిలింది. అటుగా వెళ్ళినప్పుడల్లా దాని మీద రాలిన ఆకులు తుడిచి వెళ్ళేదాన్ని. వాళ్ళ వెనక వరసల్లో మనవాళ్ళు, అంటే బోధకులు, పంతుళ్ళు, నర్సమ్మలు, పడవ సరంగులు. కాలవ పక్కనున్న చివరి వరస పేదవాళ్ళది. మట్టి దిబ్బ, తల దగ్గర ఒక రాయి, అంతే.

నడి మధ్యలో ఒక ఇంజినీరు దొర సమాధి ఉంది. కాలవలకి నీళ్ళొదిలే ముందు శివారు పొలాల రైతులు వచ్చి దాని మీద కొబ్బరికాయ కొట్టి వెళతారు. చర్చి పాస్టరు గారిని అక్కడ అయ్యగారంటారు. ఇదేంటండి అయ్యగారూ, మీరు ఒప్పుకుంటారా అని అడిగాను.

"మేం పూజ చెయ్యమండి. వాళ్ళొచ్చి కొడితే వద్దనమండి. చెక్కలు మాత్రం పారెయ్యమండి" అన్నారాయన నెమ్మదిగా.

"ఆ వారమంతా మాకు కొబ్బరి పచ్చడేనండి" అని ఆయన భార్య లోపలి నుంచి కేక వేశారు.

ఇంత హాయిగా ఉన్న చోటికి గట్టు రోడ్డు వెడల్పు పని వచ్చిపడింది. ఏఈ గారు కుర్రవాడు, నిజాయితీపరుడు, నిజాయితీపరులకుండే మొండితనం కూడా ఉన్నవాడు. చివరి వరస సమాధులు కాలవ స్థలంలో ఉన్నాయని ఆయన వాదన. చర్చి స్థలమేనని అయ్యగారి వాదన. మధ్యలో కొలవడానికి నేను. పాత నక్షా ప్రకారం చర్చి స్థలం ఆ మూల ఒక సర్వే రాయి దగ్గర ముగుస్తుంది. దొరల కాలంలో పాతిన రాయి, మీద బాణం గుర్తు చెక్కి ఉంటుంది. ఆ రాయి దొరికితే తగాదా తీరినట్టే. తమాషా ఏమిటంటే అది ఎక్కడా కనపడదు.

"రాయి చూపించండి మేడం, మారు మాట్లాడను" అన్నారు ఏఈ గారు. "అది ఏనాడో గట్టు కోసుకుపోయి కాలవలో పడి ఉంటుంది. రాయి లేదంటే ఇప్పుడున్న గట్టునే లెక్కలోకి తీసుకోవాలి."

అయ్యగారు నన్ను పక్కకి పిలిచారు. "చివరి వరసలో ఒక మామ్మగారి భర్త ఉన్నారండి. ఆయన పక్కన చోటు ఆవిడ తనకని ఎప్పుడో చెప్పి ఉంచుకుంది. ఎవరు పోయినా ముందొచ్చి ఆ చోటు ఖాళీగా ఉందో లేదో చూసుకుంటుంది. ఇప్పుడు సామర్లకోటలో కూతురి దగ్గరుంది. ఈస్టరుకి వచ్చేస్తుంది. ఈలోగా ఈ సంగతి ఆవిడ చెవిన పడితే ఆ ఏఈ గారి గతి ఏంటో నేను చెప్పలేనండి."

ఏఈ గారి గతి సరే, ఆవిడ సంగతి తలుచుకుంటే నాకు మనసు మనసులో లేదు. పొలం పోతే కోర్టుకి వెళ్ళొచ్చు. పోయాక పడుకునే చోటు పోతే ఎక్కడికి వెళ్ళాలి?

మీరు అడుగుతారు, రోవర్ లేదా అని. ఉంది. కర్ర మీద పుట్టగొడుగులాంటి దాన్ని పెట్టుకుని నిలబడితే మీరెక్కడ నిలబడ్డారో ఉపగ్రహాలు చక్కగా చెబుతాయి. దొరగారు అప్పట్లో ఎక్కడ నిలబడ్డారో మాత్రం వాటికి తెలియదు. పాత నక్షాలో నాకు పనికొచ్చేది ఒకటే దూరం, చర్చి మూల నుంచి ఆ రాయికి. ఒక్క దూరంతో చోటు దొరకదు, గుండ్రంగా గీత దొరుకుతుంది. ఆ గీత పొడుగునా మూరెడు మూరెడు చొప్పున గునపంతో గుచ్చి చూశాం. సమాధి అడ్డొచ్చిన చోటల్లా చెప్పులు విప్పి, దణ్ణం పెట్టి, పక్కకి తప్పుకుని మళ్ళీ గుచ్చాం. ఈ మర్యాదే మా కొంప ముంచిందని మాకు అప్పుడు తెలియదు.

నా చైన్‌మన్ అసలే మర్యాదకి పెట్టింది పేరు. చివరి వరస దగ్గర ఒక నేరేడు చెట్టుంది. దాని నీడలో ఒక సమాధి పక్కన కూర్చుని మధ్యాహ్నం క్యారేజీ విప్పేవాడు. గోదావరి మనిషి కదా, ఎదుట ఎవరైనా ఉంటే పిలవకుండా ముద్ద దిగదు. సున్నం అట్టలు కట్టిన ఆ పొట్టి రాయి వైపు తిరిగి, "భోంచేద్దురుగాని రండి" అనేవాడు. కాసేపాగి, "ఆయ్, అయితే నేను కానిచ్చేస్తానండి" అని మొదలుపెట్టేవాడు. ఆ సమాధి మామ్మగారి భర్తదని అయ్యగారు చెప్పాక గోంగూర తెచ్చిన రోజున రెండుసార్లు పిలవడం మొదలుపెట్టాడు.

ఏఈ గారి మాట కూడా పోనివ్వకూడదని కాలవలో వెతికించాం. మొలలోతు నీళ్ళలో చైన్‌మన్ దిగి, పాదాలతో తడిమి, ఒక ఇత్తడి చెంబు, పడవ లంగరు ముక్క, చవితికి నిమజ్జనం చేసిన ఒక వినాయకుణ్ణి పైకి తెచ్చాడు. రంగు కూడా పోలేదు. గట్టు మీద కూర్చోబెట్టాం. అయ్యగారు ఆయన్ని చూశారు, ఏఈ గారు అయ్యగార్ని చూశారు. "ఈయన ఎవరి సరిహద్దులోకి వస్తారండి?" అని అడిగాడు చైన్‌మన్. ముగ్గురం పొట్టలు పట్టుకుని నవ్వాం. ఏఈ గారు నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

ఇక మా ఇంటి గొడవ వేరు. సమాధుల దగ్గరికి వెళ్ళొస్తే తలస్నానం చెయ్యందే మా అత్తగారు గుమ్మం దాటనివ్వరు. పని జరిగినన్నాళ్ళూ ఆవిడ సాయంత్రానికి వాకిట్లో బిందెడు నీళ్ళు పెట్టుకుని, కుర్చీ వేసుకుని, నా కోసం కాపలా. నాకు జలుబు పట్టుకుంది. "ఉద్యోగం మానెయ్యమనట్లేదమ్మా, ఆ రాయేదో త్వరగా వెతుక్కోమంటున్నాను" అనేవారు. కలెక్టరు గారి కంటే ఆవిడకే తొందరెక్కువ.

చివరికి ఏఈ గారు తన లెక్క ప్రకారం ఒక వరస రాళ్ళు పాతించారు. నేను నా అంచనా ప్రకారం ఇంకో వరస పాతించాను. ఆయనవి ఎర్రరంగు, నావి నీలంరంగు. సోమవారం పొద్దున్న అందరం కలిసి చూసి తేల్చేద్దామనుకున్నాం. ఆ మధ్యలో వచ్చే ఆదివారం ఈస్టరు. ఈస్టరు ముందురోజు క్రైస్తవ కుటుంబాలన్నీ సమాధుల తోటకొచ్చి కలుపు పీకి సున్నం కొడతాయి, తెల్లవారుజామున పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తాయి. ఇది నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసీ మనకేం అనుకున్నాను.

సోమవారం పొద్దున్న వెళ్ళి చూద్దును కదా, తోటంతా మల్లెపువ్వులా మెరిసిపోతోంది. ఎరుపు లేదు, నీలం లేదు. నేల మీద నిలబడ్డ ప్రతి రాయికీ సున్నం కొట్టేశారు. నా రాళ్ళకీ ఏఈ గారి రాళ్ళకీ బంతిపూల దండలు. ప్రతిదాని ముందూ కొవ్వొత్తి కరిగి గడ్డకట్టి ఉంది.

"దిక్కులేని సమాధులు కొత్తగా కనపడ్డాయని మావాళ్ళు ఉదారంగా అన్నిటికీ కొట్టేశారండి" అన్నారు అయ్యగారు, నవ్వు ఆపుకోవడానికి గడ్డం పట్టుకుని. "ఏఈ గారి మూడో రాయి దగ్గర మా బైబిలు టీచరమ్మ గారు కాసేపు కూర్చుని కన్నీళ్ళు కూడా పెట్టుకున్నారు."

ఏఈ గారు తన మూడో రాయి దగ్గరికెళ్ళి వంగి చూశారు. "దండ తియ్యకండి, బావుంది" అన్నారు.

సరే, పనైతే ఆగకూడదు కదా. చైన్‌మన్ టేపు కొస పట్టుకుని నా రాయి అనుకున్న దాని దగ్గర కూర్చున్నాడు. కొలిచాం, లెక్కగట్టాం. లెక్క ప్రకారం అయ్యగారి వంటిల్లు కాలవ మధ్యలో ఉంది.

"అదా సంగతి! ఎంత ఉడకబెట్టినా పప్పు నీళ్ళ నీళ్ళగానే ఉంటోందేంటా అనుకుంటున్నాను" అన్నారు అయ్యగారి భార్య.

చైన్‌మన్ పట్టుకున్నది ఎవరో పంతులుగారి తల దగ్గరి రాయి. ఇలా లాభం లేదని కొబ్బరి పీచు, బకెట్లలో నీళ్ళు తెప్పించి రాళ్ళన్నీ తోమడం మొదలుపెట్టాం. ఎరుపో నీలమో బయటపడాలి కదా. నేనొక వైపు నుంచి, చైన్‌మన్ ఒక వైపు నుంచి, ఏఈ గారు చొక్కా చేతులు మడుచుకుని మధ్యలో నుంచి. ముగ్గురు ప్రభుత్వోద్యోగులు ఎండలో సమాధులకి తలంటు పోస్తున్నట్టు ఉంది మా వాలకం. రోడ్డు మీద పోయే బస్సు కూడా మమ్మల్ని చూసి నెమ్మదించింది.

చైన్‌మన్ తోముతూ తోముతూ నేరేడు చెట్టు దాకా వెళ్ళాడు. తన భోజనాల నేస్తాన్ని కూడా వదల్లేదు. దాని సున్నం మందంగా ఉందని గునపం మొనతో చిన్నగా తట్టాడు. అట్టలు అట్టలుగా ఊడింది. అప్పుడు వేసిన కేకకి చెట్టు మీది కాకులన్నీ లేచిపోయాయి.

"మేడంగారండీ! బాణమండీ! బాణం!"

నేను పరిగెత్తాను. ఆ వయసులో, ఆ మోకాళ్ళతో, చీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని పరిగెత్తాను. ఏళ్ళ తరబడి వేసిన సున్నం కింద, ఉలితో చెక్కిన బాణం గుర్తు, నిన్న చెక్కినంత స్పష్టంగా ఉంది. ఇన్నాళ్ళూ దాని పక్కనే కూర్చుని పులిహోర తిన్నాం. దానికే దణ్ణం పెట్టి తప్పుకున్నాం. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. చైన్‌మన్ చేతులు పట్టుకుని గిరగిరా తిరిగాను. డిపార్టుమెంటులో అలా ఎవరూ చెయ్యకూడదు, అయినా చేశాను.

ఏఈ గారు మాత్రం తిరగలేదు. వంగి రాయిని చూశారు, దాని ముందున్న దిబ్బని చూశారు.

"రాయి మీ సర్వేదే మేడం, కాదనను. కానీ ఇది సమాధి తల దగ్గర ఉంది. ఎక్కడో గట్టు మీద పాతిన రాయిని ఎవరో పీక్కొచ్చి ఇక్కడ పెట్టుకున్నారు. కదిపిన రాయికి విలువ లేదని మీకు నేను చెప్పాలా?"

నా కాళ్ళు ఆగిపోయాయి. ఆయన మాటలో తప్పు లేదు. మంచి రాయి కనపడితే పెళ్ళగించుకుపోయి గుమ్మం ముందు మెట్టుగా వేసుకున్న వాళ్ళని, గేదెని కట్టేసుకున్న వాళ్ళని ఎంతమందిని చూడలేదు? నక్షాలో ఉన్న దూరంతో సరిచూద్దామని టేపు చేతికి తీసుకున్నాను. అప్పుడే వెనక నుంచి గొంతు వినపడింది.

"ఎవరే నా మొగుణ్ణి గీకుతోంది?"

మామ్మగారు. తెల్ల చీర, చేతిలో కర్ర. ఆ కర్ర నడవడానికి కాదని చూస్తేనే తెలుస్తుంది. వెనకాలే అయ్యగారు పరిగెత్తుకొస్తున్నారు. ఆవిడ వచ్చి రాయి మీద పెచ్చులూడిన చోట చేత్తో నిమిరింది. "శనివారమేగా పూసింది, ఇంకా తడి కూడా ఆరలేదు" అంది.

నేను దగ్గరికెళ్ళి కూర్చున్నాను. అడిగాను. "మామ్మగారూ, ఇది గవర్నమెంటు రాయండి. హద్దు రాయి. ఇక్కడికెలా వచ్చిందండి? మీ వాళ్ళెవరైనా తెచ్చి పెట్టారా?"

"గవర్నమెంటు రాయని నాకు తెలీదేంటి తల్లీ? బాణం నేను చూడలేదా?"

"మరి..."

"మా ఆయన లాకుల దగ్గర లస్కరు" అంది ఆవిడ, అక్కడే దిబ్బ మీద చతికిలబడి. "తలుపులెత్తడం, దించడం. బతికినన్నాళ్ళూ ఈ గట్టు మీదే మా పాక. గట్టు బాగుచేసినప్పుడల్లా లేవమనేవాళ్ళు. లేచేవాళ్ళం. ఇంకో చోట వేసుకునేవాళ్ళం. మళ్ళీ లేవమనేవాళ్ళు. ఆయన పోయే ముందు ఒకటే అడిగాడు, ఇంకెవరూ నన్ను లేపని చోట పెట్టవే అని. ఎక్కడని వెతకను? ఈ రాయి కనపడింది. దీన్ని కదిపితే జైల్లో పెడతారని మీ సర్వే వాళ్ళే చెప్పేవాళ్ళు, మా పిల్లలు దీని మీదెక్కి ఆడుతుంటే." ఆవిడ ఏఈ గారి వైపు తిరిగింది. "రాయిని మనిషి దగ్గరికి తేలేదు బాబూ. మనిషినే రాయి దగ్గరికి తెచ్చుకున్నాను."

చైన్‌మన్ ముఖం తిప్పుకుని తలపాగా కొసతో కళ్ళొత్తుకున్నాడు. ఏఈ గారు నా చేతిలో టేపు కొస తీసుకుని, తనే చర్చి మూలకి నడిచి వెళ్ళి, గోడకి ఆనించి పట్టుకున్నారు. రెండో కొస నేను బాణం మీద పెట్టాను. చదివాను. నక్షాలో ఉన్న దూరమే, వెంట్రుకవాసి తేడా లేదు. చివరి వరసంతా హద్దుకి చర్చి వైపే పడింది. గట్టిగా అరిచి చెప్పాను. అటు నుంచి ఆయన కూడా అంతే గట్టిగా అరిచారు.

"కదల్లేదు మేడం! రాసెయ్యండి!"

అయ్యగారు ఏం తోచక వెళ్ళి గంట కొట్టేశారు. చావుకో ప్రార్థనకో తప్ప మోగని గంట సోమవారం పట్టపగలు మోగేసరికి సగం ఊరు పరిగెత్తుకొచ్చింది. ఏం జరిగిందని అడిగిన వాళ్ళందరికీ చైన్‌మన్ కథ మొదటి నుంచీ చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ కాలవలో నీళ్ళ లోతు పెరుగుతూ వచ్చింది, చివరికి మొసలి కూడా చేరింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు బిందెతో సిద్ధంగా ఉన్నారు. గుమ్మం బయటే నిలబడి జరిగిందంతా చెప్పాను. చెంబు చేతిలో పట్టుకుని విన్నారు. మామ్మగారి మాట దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చెంబు కింద పెట్టేశారు. "కాళ్ళు కడుక్కుని లోపలికి రామ్మా, చాలు" అన్నారు. పెళ్ళయిన నాటి నుంచి ఆవిడ ఆచారంలో సడలింపు ఇవ్వడం నేనెరిగినంతలో అదొక్కసారే.

మీరు ఎప్పుడైనా ఆ గట్టు మీద ప్రయాణం చేస్తే చూడండి. తిన్నగా వస్తున్న రోడ్డు చర్చి దాటాక చిన్న వంపు తిరుగుతుంది. కొత్త డ్రైవర్లు అక్కడ రోడ్డు వేసినవాణ్ణి తిట్టుకుంటారు. ఆ వంపు గీసింది ఏఈ గారే.

ఇంకొక్క మాట చెప్పి ఊరుకుంటాను. నేను రిటైరయ్యే రోజున ఆఫీసులో శాలువా కప్పి, పళ్ళెం చేతిలో పెట్టాక, చైన్‌మన్ బండి మీద నేరుగా ఆ చర్చికి వెళ్ళాను. మామ్మగారు కబురు పెట్టింది. ఆయన పక్కన తన చోటు ఇంతవరకూ ఎవరూ కొలవలేదట, సర్కారు మనిషి వచ్చి కొలిచి హద్దులు పెడితే తప్ప నిద్ర పట్టదట. శాలువాతోనే కూర్చుని, బాణం దగ్గర టేపు ఆనించి, పొడవూ వెడల్పూ కొలిచి నాలుగు మూలలా మేకులు కొట్టించాను. నా సర్వీసులో అదే ఆఖరి కొలత.

మామ్మగారు కర్ర పక్కన పడేసి, మేకుల మధ్య పడుకుని చూసుకుంది. అయ్యగారు కంగారుపడ్డారు. ఆవిడ అటు ఇటు పొర్లి, మొగుడి దిబ్బ వైపు తిరిగి, అట్నుంచి నన్ను కేకేసింది.

"వెడల్పు కాస్త పెంచు తల్లీ. నాకు ఆయన వైపు తిరిగి పడుకోవడం అలవాటు."